ఆడలేక ఆర్వో ఓడు!

ప్లాంటు ఆగిన పాపాన్ని కార్మికుడి నెత్తిన రుద్దితే ఊరుకోం



వేలూరు, గుడియాత్తం చుట్టుపక్కల మిల్లుల్లోను, అద్దకం పట్టడల్లోను గేటు దగ్గర ఒక నోటీసు పదే పదే కనబడుతున్నది. "ఆర్వో ప్లాంటు మరమ్మతులో ఉన్నందున రేపు, ఎల్లుండి అద్దకం విభాగానికి పని లేదు." కింద మేనేజరు సంతకం. పని లేదంటే కూలి లేదని వేరే రాయనక్కర లేదు కదా! రెండు రోజులు గడుస్తాయి. మూడో రోజున ప్లాంటు దగ్గర పనిచేసే ఆపరేటరు చేతికి మెమో వస్తుంది. "నీ అజాగ్రత్త వల్ల మెంబ్రేన్లు చెడిపోయినవి. నష్టాన్ని నీ జీతంలో ఎందుకు కోయరాదో మూడు రోజుల్లో జవాబియ్యవలెను."

ఇటువంటి మెమో పట్టుకుని ఒక తమ్ముడు మన సంఘం ఆఫీసుకు వచ్చాడు. కాంట్రాక్టు మనిషి. పన్నెండు గంటల షిఫ్టు. "అన్నా, నేను మీట నొక్కేవాణ్ణి. లోపలికి ఏ నీళ్లు వస్తాయో నాకెవరూ చెప్పరు. ఎంత ప్రెషరు పెట్టమంటే అంత పెట్టాను. ఇప్పుడు మెంబ్రేన్ల ఖరీదు నన్ను కట్టమంటున్నారు" అన్నాడు. అతని నెల జీతానికి ఆ ప్లాంటులో ఉన్న మెంబ్రేన్లలో ఒక్కటి కూడా రాదు.

ఆ యాజమాన్యం పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే ఇది ఒక్క మిల్లు జబ్బు కాదు. ఆ మెమోకు జవాబు రాయడానికి కూర్చున్నప్పుడు మాకు ఒక సంగతి అర్థమైంది. ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో మనకు తెలియనంత కాలం ఎవరు ఏ అబద్ధం చెప్పినా మనం తల ఊపవలసిందే. కాబట్టి తెలిసినవాళ్లను అడిగాం, మెంబ్రేను తయారీ కంపెనీలు ఇచ్చే పుస్తకాలు చదివించుకున్నాం, ప్లాంటుల్లో పనిచేసే మన వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాం. తెలిసినదంతా ఈ బులెటిన్‌లో మీ ముందు పెడుతున్నాం. "కార్మికుడికెందుకయ్యా ఈ ఇంజనీరింగు సంగతులు?" అని అడిగే దొరలకు మా జవాబు ఒకటే. కూలి కోసేటప్పుడు ఇంజనీరింగు కారణం చూపించేది మీరు. ఆ కారణం నిజమో అబద్ధమో తేల్చుకునే హక్కు మాది.

మిక్సింగు మార్చి సైడరును తిట్టినట్టు

స్పిన్నింగులో పనిచేసిన వాళ్లకు ఈ సంగతి ఒక్క మాటలో అర్థమవుతుంది. దూది మిక్సింగు మారిందనుకోండి. పింజ పొట్టిదైంది, చెత్త పెరిగింది. అప్పుడు బ్లో రూములో, కార్డింగులో సెట్టింగు మార్చాలి. డ్రాఫ్టు చూసుకోవాలి, అవసరమైతే స్పీడు తగ్గించాలి. ఇవేవీ చేయకుండా పాత సెట్టింగు మీదనే మెషీను తోలితే రింగ్ ఫ్రేము మీద దారం తెగుతూనే ఉంటుంది. అప్పుడు సూపర్‌వైజరు వచ్చి ఎవరిని తిడతాడు? సైడరును! దూది కొన్నవాణ్ణి తిట్టడు, సెట్టింగు మార్చని మాస్టరును తిట్టడు. పరుగెత్తి పరుగెత్తి దారం ముడివేసే పిల్లను తిడతాడు.

ఆర్వో ప్లాంటు కథ కూడా అచ్చం ఇదే. దూదికి బదులు నీళ్లు. లోపలికి వచ్చే నీరు మారుతున్నది, సెట్టింగు మారడం లేదు, తిట్లు ఆపరేటరుకు.

ఈ మెంబ్రేన్ అంటే ఏమిటి?

ఊరగాయకు ఉప్పు కలిపిన మామిడి ముక్కను చూడండి. ఒక్క రాత్రిలో నీరు వదిలి ముడుచుకుంటుంది. పొరకు అటు ఉప్పు ఎక్కువ, ఇటు తక్కువ ఉంటే నీరు ఉప్పువైపు నడుస్తుంది. అది ప్రకృతి గుణం. దీన్ని తలకిందులు చేసి, ఉప్పు నీటి వైపు నుంచి పంపుతో గట్టిగా ఒత్తితే నీరు పొర దాటి వస్తుంది, ఉప్పు వెనక మిగులుతుంది. ఇదే రివర్స్ ఆస్మోసిస్, మనం ఆర్వో అనేది. దీనికి పనికివచ్చే పొరను 1959–60 ప్రాంతంలో అమెరికాలో లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో తయారు చేసినవారు ఇద్దరు. సిడ్నీ లోబ్ ఒకరు, మన భారతీయుడు శ్రీనివాస సౌరిరాజన్ రెండోవారు. ఈ విద్య దేవరహస్యం ఏమీ కాదు. పుస్తకాల్లో ఉన్నది, లెక్కకు లొంగుతుంది.

లెక్క ఇది. నీటిలో కరిగిన ఉప్పులను లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని కొలిచి టీడీఎస్ అంటున్నాం. సుమారుగా ప్రతి వెయ్యి టీడీఎస్‌కు 0.7 కిలో ఎదురు ఒత్తిడి ఉంటుంది. పంపు ముందు ఈ ఎదురు ఒత్తిడిని గెలవాలి, ఆ పైన మిగిలిన ఒత్తిడే నీటిని పొర దాటిస్తుంది.

ఒక ప్లాంటులోకి గంటకు లక్ష లీటర్లు పంపి 75 వేల లీటర్లు మంచినీరు తీస్తున్నారనుకోండి. మిగిలిన 25 వేలు రిజెక్టు. ఉప్పు దాదాపు మొత్తం ఆ పాతిక వేలలోనే ఉండిపోతుంది కాబట్టి అది నాలుగింతలు చిక్కబడుతుంది. లోపలికి వచ్చే నీరు 6,000 టీడీఎస్ అయితే చివరి గొట్టంలో అది 24,000. ఎదురు ఒత్తిడి 17 కిలోలు. ఇంతవరకు సరే.

ఇప్పుడు అద్దకంలో సరుకు మారింది. లేత రంగులు పోయి నలుపు, ముదురు నీలం ఆర్డరు వచ్చింది. రియాక్టివ్ రంగు నూలుకు పట్టాలంటే ఉప్పు కావాలి. ముదురు రంగుకు లీటరుకు 60, 80 గ్రాముల దాకా పోస్తారని తొట్టి దగ్గర ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ నీళ్లన్నీ ప్లాంటుకే వస్తాయి. 6,000 ఉన్నది 9,000 అయింది. అదే 75 శాతం తీయాలంటే చివర 36,000 టీడీఎస్, ఎదురు ఒత్తిడి 25 కిలోలు! పంపు ఒత్తిడి పెంచకపోతే మంచినీరు తగ్గుతుంది. పెంచితే ఆ చివరి గొట్టాలలో సున్నం, జిప్సం, సిలికా గడ్డకట్టి పొర మీద పెచ్చు కడుతుంది. బాయిలరు ట్యూబులో పెచ్చు కట్టినట్టే.

దారి లేదా? ఉన్నది. లక్షకు 75 వేలు కాక 60 వేలు తీయాలి. అప్పుడు ఉప్పు రెండున్నర రెట్లే చిక్కబడి 22,500 దగ్గర నిలుస్తుంది. ఎదురు ఒత్తిడి 16 కిలోలు. పెచ్చు కట్టే ప్రమాదం కూడా అదుపులో ఉంటుంది. తిప్పవలసింది ఒక్క వాల్వు. మరి ఎందుకు తిప్పనీయరు?

ఎందుకంటే రిజెక్టు 25 వేల నుంచి 40 వేలకు పెరుగుతుంది. దాన్ని బయటికి వదలడానికి లేదు. ఎవాపరేటరులో మరిగించి ఉప్పుగా దించాలి. మరిగించవలసిన నీరు నూటికి 60 పెరిగిందన్నమాట. దానికి ఆవిరి కావాలి, ఆవిరికి కట్టెలు, బొగ్గు కావాలి, వాటికి డబ్బు కావాలి. అందుకని పైనుంచి ఉత్తర్వు వస్తుంది: "డెబ్బై అయిదు తగ్గకూడదు!" ఆపరేటరు వాల్వు ముట్టుకుంటే తిట్లు. ముట్టుకోకపోతే నెల తిరక్కుండా మెమో. కట్టెల ఖర్చు మిగిలింది యాజమాన్యానికి. మెంబ్రేన్ల ఖర్చు ఆపరేటరు జీతంలో. పనిలేని రోజుల ఖర్చు మన ఇళ్లలో. పంపకం బాగున్నది కదూ!

ఎండ, వాన, బ్లీచింగు

మారేది ఉప్పు ఒక్కటే కాదు. మన వాళ్లు చెప్పినవాటిలో ముఖ్యమైనవి ఇవి.

వేడి: నీటి వేడి ఒక్క డిగ్రీ తగ్గితే మంచినీటి దిగుబడి సుమారు నూటికి మూడు తగ్గుతుంది. పది డిగ్రీల తేడా వస్తే మూడో వంతుకు కొంచెం తక్కువ. మార్గశిరం, పుష్యంలో తెల్లవారుజామున మొదటి షిఫ్టుకు వచ్చినవాడు దిగుబడి తగ్గిందని రాస్తే "నిద్రపోతున్నావా?" అని గద్దిస్తారు. అది చలి చేసిన పని. వేలూరు ఎండల్లో వ్యవహారం తిరగబడుతుంది. నీరు వేడెక్కి పొరలోంచి సులువుగా దాటుతుంది. పొర సగం మూసుకుపోతున్నా దిగుబడి బాగానే కనిపిస్తుంది. ఉప్పు కూడా ఎక్కువ దాటుతుంది. చల్లబడగానే దాగిన జబ్బంతా ఒక్కసారి బయటపడుతుంది. కాబట్టి మీటరు మీద కనిపించే లీటర్లను చూసి తీర్పు చెప్పడానికి లేదు. వేడి, ఒత్తిడి, ఉప్పు మూడూ లెక్కగట్టి సరిచేసిన అంకెను చూడాలి. అలా సరిచేసిన దిగుబడి నూటికి 10–15 తగ్గగానే ప్లాంటు ఆపి మెంబ్రేన్లు కడగాలని తయారీదారులే చెబుతున్నారు. మన దగ్గర నూటికి 40 తగ్గి పంపు అరిచేదాకా కడగరు. అప్పుడు కడిగినా ఆ పెచ్చు వదలదు.

బురద: వానాకాలంలో బోరు నీటిలో, ఏటి నీటిలో ఉప్పు తగ్గుతుంది. మేనేజరు సంతోషిస్తాడు. కాని కంటికి కనబడని సన్న ఒండ్రు, నాచు, క్రిములు పెరుగుతాయి. 2021 నవంబరులో పాలారు, కౌండిన్య పొంగి గుడియాత్తం ఒడ్డు ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు ఆ నీళ్ల రంగు ఎలా ఉన్నదో మనం చూశాం. ఇసుక ఫిల్టరును తిరగకడగకుండా, కాట్రిడ్జి మార్చకుండా అటువంటి నీరు తోలితే మొదటి గొట్టాలు మూసుకుపోతాయి. గుర్తుపెట్టుకోండి: బురద పట్టేది మొదటి గొట్టాలకు, పెచ్చు పట్టేది చివరి గొట్టాలకు. ఏ గొట్టం చెడిందో చూస్తే తప్పు ఎవరిదో సగం తెలిసిపోతుంది.

బ్లీచింగు: ఇప్పుడు వాడే మెంబ్రేన్ పొరకు క్లోరిన్ విషం. హైపో వాడిన నీళ్లు విరుపు మందు వేయకుండా లోపలికి పోతే పొర తినేసుకుపోతుంది. ఇందులో ఒక విచిత్రం ఉన్నది. పొర చిల్లులు పడితే దిగుబడి తగ్గదు, పెరుగుతుంది! "భేష్, నీళ్లు బాగా వస్తున్నాయి" అని భుజం తట్టిన మేనేజరే పదిరోజుల తర్వాత ఆ నీటిలో ఉప్పు చూసి గుండె బాదుకుంటాడు. గంజి తీసిన నీళ్లు, మెత్తదనానికి వాడే కొన్ని రకాల మందులు కూడా పొరను పట్టుకుంటే ఒక పట్టాన వదలవు.

వీటన్నిటికీ మందు ఏమిటి? మొదటిది పెద్ద సమం తొట్టి. నల్లరంగు నీళ్లు, తెల్లరంగు నీళ్లు, కడిగిన నీళ్లు అన్నీ అందులో కలిసి, ఒకే తీరుగా మారి లోపలికి పోవాలి. పది మెషీన్లు ఉన్నప్పుడు కట్టిన తొట్టి పాతిక మెషీన్లు వచ్చాక కూడా అదే ఉంటే ఏం లాభం? మెషీన్లు కొనడానికి బ్యాంకు అప్పు దొరికింది, తొట్టి కట్టడానికి మాత్రం స్థలం దొరకలేదట! రెండవది పరీక్ష. మూడవది తెలిసిన మనిషి. ఈ మూడింటిలోనూ పొదుపు చేసి, చివరకు "మెంబ్రేన్ నాసిరకం, ఆపరేటరు పనికిమాలినవాడు" అంటే ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే.

ఆపరేటరు ఎన్నడూ తప్పు చేయడని మేము అనడం లేదు. డోసింగు పంపు ఖాళీ అయినా చూడనివాడు ఉన్నాడు. నింపని అంకెలు నింపినట్టు రాసినవాడు కూడా ఉన్నాడు. కాని ఒక్క రోజు శిక్షణ ఇవ్వకుండా పన్నెండు గంటలు ఒంటరిగా నిలబెట్టినవాడు ఎవడు? ఆ సంగతి మెమోలో ఎందుకు లేదు?

పాలారు తీర్పు, తిరుప్పూరు పాఠం

ఇక్కడ యాజమాన్యాలు ఇంకో పాట మొదలుపెడతాయి. "అసలు ఈ ప్లాంటులన్నీ కోర్టుల వల్ల, కాలుష్య బోర్డు వల్ల వచ్చిన తలనొప్పి. రండి, అందరం కలిసి వాటి మీద పోరాడదాం. పరిశ్రమ బతికితేనే మీరు బతుకుతారు." నిజం చెప్పాలంటే ఒకప్పుడు మన సంఘంలో కూడా ఈ మాట నమ్మినవాళ్లు ఉన్నారు. మేమూ నమ్మాం. ఆ తప్పును ఒప్పుకుంటున్నాం.

చరిత్ర చూడండి. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోలు పదును కార్ఖానాలు ఏళ్ల తరబడి మురుగును పాలారు మీదికి వదిలాయి. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక సుప్రీం కోర్టుకు పోయింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. అప్పటికే సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో చెడిపోయిందన్న సర్వే సంగతి ఆ తీర్పులోనే ఉన్నది. పాడు చేసినవాడే మూల్యం చెల్లించాలి, ముప్పు రాకముందే జాగ్రత్త పడాలి అన్న రెండు సూత్రాలను దేశం మొత్తానికి చట్టంగా నిలబెట్టిన తీర్పు అది. మన రాయవేలూరు పేరుతోనే లా కాలేజీల్లో చదువుకుంటున్నారు. అయినా న్యాయం నడిచిన వేగం చూడండి. 2025 జనవరి 30న సుప్రీం కోర్టు మళ్లీ కలగజేసుకుని, అందవలసిన రైతులకు నష్టపరిహారం ఆరు వారాల్లో చెల్లించి పాడుచేసినవాళ్ల దగ్గర వసూలు చేయమని ఆదేశించవలసి వచ్చింది. మధ్యలో ఇరవై ఎనిమిది ఏళ్లు! ఆ రైతులు ఎవరు? మనలో చాలామందికి అన్నదమ్ములు, మేనమామలు. బావి ఉప్పెక్కి సేద్యం పోయిన ఇంటి పిల్లలే బస్సెక్కి మిల్లు పనికి వచ్చారు. వాళ్ల మీదికి మనం జెండా పట్టుకుని పోవాలా?

ఇక తిరుప్పూరు. అక్కడ బనీను అద్దకం నీళ్లు నొయ్యల్ నదిని చంపాయి. ఆయకట్టు రైతులు కోర్టుకు పోయారు. ఒక చుక్క కూడా బయటికి వదలకూడదని 2006లో మద్రాసు హైకోర్టు చెప్పింది. గడువుల మీద గడువులు తీసుకున్నారు. ప్లాంటులు పెట్టారు. కాని అవి అనుకున్నట్టు నడవలేదు. 2011 జనవరి 28న అద్దకం, బ్లీచింగు యూనిట్లన్నీ మూసివేయమని హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఏడు వందలకు పైగా యూనిట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ప్రభుత్వం ప్లాంటుల యజమానులకు వడ్డీ లేని అప్పు ఇచ్చి ఆదుకున్నది. మూటాముల్లె సర్దుకుని ఊళ్లకు పోయిన కార్మికుడికి వడ్డీతో అయినా అప్పు ఇచ్చినవాడు లేడు.

ఆ పాఠం మనకెందుకు? గుడియాత్తం లుంగీ కూడా రంగు మీదనే బతుకుతున్నది. ప్లాంటు నామమాత్రంగా నడిపి, రాత్రిపూట గుట్టుగా కాలువలోకి వదిలితే ఏదో ఒకనాడు తాళం పడుతుంది. ఆ తాళం పడేది మన పొట్ట మీద. కాబట్టి ప్లాంటు సరిగా నడవడం కాలుష్య బోర్డు అవసరం కంటే ముందు కార్మికుడి అవసరం. ప్లాంటు నడవకుండా చేసేవాడే మన ఉద్యోగానికి శత్రువు.

రాణిపేటను మరువగలమా?

2015 జనవరి 31. రాణిపేట సిడ్కో ఎస్టేటులో తోలు కార్ఖానాల ఉమ్మడి శుద్ధి ప్లాంటులో బురద నిలవచేసిన తొట్టి గోడ రాత్రివేళ తెగిపోయింది. పక్క కార్ఖానాలో పడుకున్న పదిమంది కార్మికులు ఆ విషపు బురదలో నిద్రలోనే ప్రాణాలు వదిలారు. ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. నీటిని శుద్ధి చేసే చోట మనుషులను బురదలో ముంచి చంపిన పొదుపు అది.

వాళ్లు తోలు కార్మికులు, మనం నూలు కార్మికులం అని తప్పుకోవద్దు. మన ప్లాంటులోనూ బురద తొట్టి ఉన్నది. ఉప్పు ఎక్కువై శుద్ధి తొట్టిలో క్రిములు చచ్చినా, గాలి మిషను ఆగినా ఆ బురద కుళ్లుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఆ గాలి మామూలు గాలి కంటే బరువు. తొట్టి అడుగున నిలుస్తుంది. మొదట ముక్కుకు తెలుస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు చచ్చిపోయి వాసనే తెలియదు. "వాసన పోయింది, దిగు" అన్నప్పుడే ప్రాణం పోతుంది. పడినవాణ్ణి లాగడానికి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా పైకి రారు. సోదరులారా, గాలి పరీక్ష, బెల్టు, తాడు, పైన కాపలా మనిషి లేకుండా ఏ తొట్టిలోకీ దిగవద్దు. మేస్త్రి చెప్పినా, మేనేజరు చెప్పినా దిగవద్దు. ఆ కారణంగా పని పోతే సంఘం మీ వెనక నిలబడుతుంది. ప్రాణం పోతే ఏ సంఘమూ తెచ్చి ఇవ్వలేదు.

తాగే నీళ్ల మాట

క్యాంటీను గోడకు ఒక ఆర్వో పెట్టెను తగిలించి యాజమాన్యం ఫొటో తీయించుకుంటుంది. మంచిదే. కాని పెట్టిన రోజు చేసిన నీటి పరీక్ష ఎన్నేళ్లు చెల్లుతుంది? మే నెలలో బోరు అడుగంటినప్పుడు ఉప్పు పెరుగుతుంది. టాంకరు వచ్చిన రోజున నీరు ఏ బావిదో తెలియదు. మేట్టూరు నుంచి కావేరి నీరు పైపులో వచ్చిన రోజున ఇంకో రకం. పెట్టె మాత్రం అదే.

టీడీఎస్ మీటరు ముంచి "యాభై చూపిస్తున్నది, అమృతం" అనేవాళ్ల మాట నమ్మవద్దు. ఆ మీటరు కరిగిన ఉప్పును మొత్తంగా మాత్రమే చెబుతుంది. క్రిములను చూడదు. తాగునీటిలో క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణం. ఆ హద్దుకు పదింతలు ఉన్నా మీటరు అంకె ఒక్కటి కూడా కదలదు. ఇంకో వైపు, 500 టీడీఎస్ కంటే తక్కువ ఉన్న నీటికి ఆర్వో అక్కర లేదని, దాన్ని ఆపమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. మంచినీటిని కూడా ఆర్వోలో పోసి ఎన్నో బిందెలు రిజెక్టుగా పారబోయడం నేరమే. నీటిని బట్టి యంత్రం, పరీక్షను బట్టి మాట. గోడకు తగిలించినంత మాత్రాన బాధ్యత తీరదు.

మా డిమాండ్లు

ఈ కారణాలన్నిటి వల్ల మన సంఘం యాజమాన్యాల ముందు ఈ కింది డిమాండ్లు పెడుతున్నది.

1. ప్లాంటు ఆగిన రోజులకు పూర్తి కూలి ఇవ్వాలి. నీటి మార్పును ముందే చూసుకోవడం యాజమాన్యం పని. కనీసం లే-ఆఫ్ పరిహారమైనా ఎగ్గొట్టడం చెల్లదు. 50 మంది, అంతకు పైన పనిచేసే ఫ్యాక్టరీలో ఏడాది నిండిన మస్టరు కార్మికుడికి మూలవేతనం, డీఏ కలిపి సగం ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్నది. దాని స్థానంలో వచ్చిన 2020 కోడ్‌లోనూ ఉన్నది. బదిలీ, క్యాజువల్ వాళ్లను తప్పించిన ఆ అన్యాయాన్ని తొలగించేదాకా మన పోరాటం ఆగదు.

2. లోపలికి వచ్చే నీటి టీడీఎస్, పీహెచ్, వేడి, బురద, క్లోరిన్, గొట్టాల ముందు వెనక ఒత్తిడి, దిగుబడి, రిజెక్టు ప్రతి షిఫ్టులో రాయాలి. ఆ పుస్తకాన్ని తాళం వేసి దాచకూడదు. ప్లాంటు గోడ మీద బోర్డుకు ఎక్కించాలి.

3. రంగు మారేటప్పుడు అద్దకం మాస్టరు ముందు రోజే ప్లాంటుకు చీటీ పంపాలి. ఏ రంగు, ఎంత ఉప్పు, ఎన్ని తొట్లు అన్నది ఆపరేటరుకు తెలియాలి. ముదురు రంగుల రోజున రికవరీ తగ్గించే అధికారం ఆపరేటరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి.

4. మెషీన్లు పెరిగిన లెక్కన సమం తొట్టిని పెంచాలి. తొట్టి పెంచకుండా కొత్త మెషీను దించితే మేము అడ్డుకుంటాం.

5. ప్లాంటు ఆపరేటర్లను పర్మనెంటు చేయాలి. ఎనిమిది గంటల షిఫ్టుకు ఇద్దరు ఉండాలి. శిక్షణ తెలుగులోను, తమిళంలోను ఇవ్వాలి. ఇంగ్లీషు పుస్తకం బల్ల మీద పడేసి శిక్షణ ఇచ్చామంటే ఒప్పుకోం.

6. మెంబ్రేన్ ఖరీదును ఏ కార్మికుడి జీతంలోనూ కోయకూడదు. ఇప్పటికే ఇచ్చిన మెమోలన్నిటినీ వాపసు తీసుకోవాలి.

7. తాగునీటిని వేసవిలో ఒకసారి, వానలు వెలిసిన తర్వాత ఒకసారి ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్ష చేయించి ఫలితాన్ని క్యాంటీనులో అంటించాలి.

8. తొట్టిలోకి మనిషిని దించే పద్ధతి మానుకుని యంత్రంతో బురద తీయించాలి.

ఇవి గొంతెమ్మ కోరికలా? ఒక్కటి చెప్పండి! ఇందులో సగం డిమాండ్లకు కాగితం, కలం తప్ప ఖర్చు లేదు. మిగిలిన సగానికి అయ్యే ఖర్చు ఒక్కసారి మెంబ్రేన్లన్నీ పాడైతే అయ్యే ఖర్చుకు దరిదాపులకు రాదు. లాభనష్టాల లెక్క బాగా తెలిసిన పెద్దమనుషులు ఈ లెక్క ఎందుకు చూడరు? పుస్తకం గోడకెక్కితే, తప్పు ఎవరిదో గోడ మీదనే కనబడుతుందన్న భయం తప్ప వేరే కారణం మాకు కనబడటం లేదు.

మనం చేయవలసింది

మన వంతు కూడా ఉన్నది. ప్లాంటులో పనిచేసే ప్రతి సభ్యుడూ చిన్న నోటు పుస్తకం ఒకటి సొంతంగా పెట్టుకోవాలి. తేదీ, షిఫ్టు, లోపలి నీటి టీడీఎస్, వేడి, ఒత్తిడి, దిగుబడి, ఎవరు ఏ ఉత్తర్వు ఇచ్చారు అన్నీ రాయాలి. చూడని అంకె రాయవద్దు. చూసిన అంకె దాచవద్దు. మొదట్లో చెప్పిన తమ్ముడి దగ్గర అటువంటి పుస్తకం ఉండి ఉంటే మెమోకు జవాబు మేము రాసే పని ఉండేది కాదు, ఆ పుస్తకమే రాసేది. అద్దకం విభాగంవాళ్లు, ప్లాంటువాళ్లు ఒకరినొకరు అనుకోవడం మానాలి. "వాడు ప్లాంటు ఆపాడు, నా కూలి పోయింది" అని మనలో మనం కొట్లాడుకుంటే మేనేజరు గది లోపల టీ తాగుతూ నవ్వుకుంటాడు.

నీరు మారుతూనే ఉంటుంది. ఎండ వస్తుంది, వాన వస్తుంది, నలుపు ఆర్డరు వస్తుంది, తెలుపు ఆర్డరు వస్తుంది. మార్పును ముందే కనిపెట్టి యంత్రాన్ని దానికి సరిపెట్టమని అడుగుతున్నాం. యంత్రానికి చూపించే ఆ మాత్రం శ్రద్ధను దాని పక్కన నిలబడ్డ మనిషికి కూడా చూపించమని అడుగుతున్నాం. అడిగితే ఇవ్వకపోతే ఎలా తీసుకోవాలో ఈ సంఘానికి తెలుసు.

వచ్చే గేటు మీటింగుకు ప్రతి విభాగం నుంచి కదిలి రండి. మెమో అందుకున్న ప్రతి ఆపరేటరూ కాగితంతో సహా రావాలి. ఒంటరిగా సంతకం పెట్టి ఇవ్వవద్దు.

ప్లాంటు ఆగిన రోజు కూలి మన హక్కు!
రైతు కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి, సంఘం తరఫున